బ్రౌజర్‌లో లెక్కలు – 4వ పాఠం: మ్యాథ్.జేఎస్‌ను పేజీలోకి తెచ్చుకోవడం

గత పాఠం చివర కన్సోల్‌లో (బ్రౌజర్‌లో కోడ్ కొట్టి చూసే చోట) 0.1 + 0.2 కొట్టి చూడమన్నాను. మీకు 0.30000000000000004 వచ్చి ఉంటుంది. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలను 64 బిట్లలో, ద్విసంఖ్యా పద్ధతిలో దాస్తుంది. 1/3ని మనం దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే, ఆ పద్ధతిలో 0.1ని పూర్తిగా రాయడం కుదరదు. బిల్లులు వేసే పేజీలో దీనితో నిజంగా చిక్కే. 4.35ని 100తో గుణిస్తే 434.99999999999994 వస్తుంది. పైసల్లోకి మార్చి దశాంశ భాగం తీసేశారంటే ఒక పైసా పోయినట్టే.

ఇందుకు మ్యాథ్.జేఎస్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే లెక్కల కోసం ముందే రాసిపెట్టిన కోడ్, వాడదాం. పేజీలో రెండు స్క్రిప్ట్ ట్యాగులు చాలు: ముందు లైబ్రరీకి, తర్వాత మన ఫైల్‌కు. లైబ్రరీని జేఎస్‌డెలివర్ లాంటి సీడీఎన్ (ఇలాంటి ఫైళ్లను నెట్‌లో అందించే సర్వర్లు) నుంచి పిలవచ్చు, దించుకుని మన ఫోల్డర్‌లోనూ పెట్టుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకు రెండోదే మంచిదని నా అభిప్రాయం, నెట్ లేకపోయినా పని ఆగదు. సీడీఎన్ వాడితే మాత్రం చిరునామాలో వెర్షన్ నంబరు పూర్తిగా రాయండి. వెర్షన్ మారితే లోపలి పేర్లూ మారచ్చు: ఈ లైబ్రరీలోనే 6వ వెర్షన్‌కు వచ్చేసరికి, లెక్కను అక్షరాలుగా ఇస్తే జవాబు చెప్పే ఇవాల్ అనే ఫంక్షన్ పేరు ఎవాల్యుయేట్‌గా మారింది.

ట్యాగుల వరుస తప్పితే కన్సోల్‌లో 'మ్యాథ్ ఈజ్ నాట్ డిఫైన్డ్' అని ఎర్రగా వస్తుంది. టెన్షన్ పడకండి, వరుస సరిచేస్తే పోతుంది. రెండు ట్యాగుల్లోనూ డిఫర్ అనే మాట పెడితే రాసిన వరుసలోనే నడుస్తాయి. అసింక్ పెడితే ఏది ముందు దిగితే అదే ముందు నడుస్తుంది. పేజీలోనే నేరుగా రాసిన కోడ్‌కు డిఫర్ పనిచేయదు, అందుకే మన కోడ్ విడి ఫైల్‌లో ఉండాలి. ఇంకోటి: పెద్ద ఎమ్‌తో మొదలయ్యే మ్యాథ్ జావాస్క్రిప్ట్ సొంతది, చిన్న ఎమ్‌తో మొదలయ్యేది లైబ్రరీది.

ఇక అసలు సంగతి. లైబ్రరీ వచ్చింది కదా అని 0.1 + 0.2 మళ్లీ కొట్టండి. జవాబు మారదు. ఎవాల్యుయేట్‌కు అదే లెక్క ఇచ్చినా పాత జవాబే వస్తుంది, ఎందుకంటే సెట్టింగ్ మార్చనంతవరకు అది కూడా మామూలు సంఖ్యలతోనే లెక్క కడుతుంది. మనం ఇచ్చే సంఖ్యే మొదటి నుంచి వేరే రకం కావాలి. 0.1ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, అలాంటి సంఖ్యను తయారుచేసే బిగ్‌నంబర్ ఫంక్షన్‌కు ఇవ్వండి, 0.2ని కూడా అలాగే. ఆ రెండింటినీ ప్లస్ గుర్తుతో కాకుండా లైబ్రరీలోని యాడ్ ఫంక్షన్‌తో కలపండి. ఫలితాన్ని ఫార్మాట్ ఫంక్షన్‌కు ఇస్తే 0.3 కనిపిస్తుంది. కొటేషన్లు ఎందుకంటే, ఒక లెక్కలోంచి వచ్చిన 0.30000000000000004ని అలాగే లోపలికి పంపితే ఆ తప్పు కూడా దాంతోపాటే లోపలికి వెళ్తుంది. ఫారంలో వాడుకరి టైప్ చేసినది ఎలాగూ అక్షరాలుగానే మన చేతికొస్తుంది, దాన్ని మామూలు సంఖ్యగా మార్చకుండా నేరుగా బిగ్‌నంబర్‌కే ఇచ్చేయండి.

బిగ్‌నంబర్ మామూలుగా 64 అంకెల వరకు పట్టుకుంటుంది. 1/3 దానికీ పూర్తిగా అందదు. అలాంటి చోట భిన్నాన్ని భిన్నంగానే ఉంచే ఫ్రాక్షన్ ఉంది, వచ్చే పాఠం దాని మీదే.

ఈలోగా 1.1ని 3తో మూడు రకాలుగా గుణించండి: మామూలుగా, ఎవాల్యుయేట్‌తో, బిగ్‌నంబర్లను మల్టిప్లై ఫంక్షన్‌కు ఇచ్చి. మొదటి రెండింటికీ 3.3000000000000003, మూడోదానికి 3.3 రావాలి. మూడోదానికీ పొడవాటి జవాబే వస్తే, ప్లస్ లాగే నక్షత్రం గుర్తు వాడేశారేమో ముందు చూడండి.