సమాజశాస్త్రంలో ఎం.ఏ.కు విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునే ముందు

విశాఖపట్నంలో డిగ్రీ పూర్తిచేసి సమాజశాస్త్రంలో ఎం.ఏ. చేయదలచిన విద్యార్థులు విశ్వవిద్యాలయం పేరుకంటే ముందు ఆ శాఖలో ఏ విషయాలపై పరిశోధన జరుగుతున్నదో చూడాలి. అందుకు సులువైన మార్గం శోధ్‌గంగ అనే వెబ్‌సైట్. దేశంలోని అనేక విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అందులో ఉచితంగా లభిస్తాయి కనుక, శాఖ పేరుతో వెతికి ఇటీవలి గ్రంథాల శీర్షికలను, పర్యవేక్షకుల పేర్లను గమనిస్తే, మీకు ఆసక్తి ఉన్న అంశంలో దారి చూపగల అధ్యాపకులు అక్కడ ఉన్నారో లేదో చాలావరకు తెలుస్తుంది (వారు ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నారా అన్నది శాఖలో అడిగి నిర్ధారించుకోవాలి).

తర్వాత సిలబస్‌లో క్షేత్ర పరిశోధన, డిసర్టేషన్ (విద్యార్థి స్వయంగా పరిశోధించి రాసే వ్యాసం) ఉన్నాయేమో చూడండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జాలరిపేట మత్స్యకారుల జీవనం గురించో, ఉక్కు కర్మాగారం నిర్వాసితుల గురించో అధ్యయనం చేయాలనుకునేవారికి, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉండటం నిజంగా పెద్ద వసతి, ఎందుకంటే ఆ ప్రజలను ఒక్కసారి ప్రశ్నించి వచ్చేయడం కాకుండా ఏడాది పొడవునా కలుస్తూ ఉండవచ్చు. దూరం వెళ్లగలిగినవారు కేంద్రీయ విశ్వవిద్యాలయమైన హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని కూడా పరిశీలించాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ వేర్వేరు పరీక్షలు కాబట్టి రెండింటికీ గడువులోగా దరఖాస్తు చేయండి.