పోస్ట్‌గ్రెస్ మైగ్రేషన్ అయ్యాక డూప్లికేట్ కీ ఎర్రర్, ఇలా సరిచేశాం

ఒక క్లౌడ్‌లో ఉన్న మేనేజ్డ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నుంచి ఇంకో క్లౌడ్‌కి లాజికల్ రెప్లికేషన్‌తో (పాత డేటాబేస్‌లోని రోలని, వాటిలో జరిగే మార్పుల్ని కొత్తదానికి పంపే పద్ధతి) డేటా మార్చాం, రో కౌంట్లు కూడా సరిపోయాయి, కానీ యాప్‌ని కొత్త డేటాబేస్‌కి తిప్పగానే ఇన్సర్ట్‌లన్నిటికీ డూప్లికేట్ కీ ఎర్రరే. చూస్తే రోలన్నీ వచ్చాయి గానీ సీక్వెన్స్‌లు (కొత్త రోలకి ఐడీ నంబర్లు ఇచ్చే కౌంటర్లు) మాత్రం ఇంకా 1 దగ్గరే ఉన్నాయి, అందుకే ఇప్పటికే ఉన్న ఐడీలనే మళ్లీ ఇస్తున్నాయి; మేం వాడిన వెర్షన్‌లో లాజికల్ రెప్లికేషన్ సీక్వెన్స్ విలువల్ని తీసుకురాదు. స్కీమా (టేబుల్స్ నిర్మాణం) మార్పులూ అంతే, అవి మనమే విడిగా రన్ చేసుకోవాలి.

డేటాబేస్‌లోకి కొత్తగా ఏదీ రాయకుండా ఆపేసి, ఒక్కో టేబుల్‌లో మ్యాక్స్ ఐడీ తీసి, సెట్‌వాల్ (setval) ఫంక్షన్‌తో దాని సీక్వెన్స్‌ని అక్కడికి జరిపాం, ఇన్సర్ట్‌లు వెంటనే నడిచాయి. ఇంకోటండీ, ప్రైమరీ కీ లేని టేబుల్స్ ఉంటే ముందే రెప్లికా ఐడెంటిటీ ఫుల్ (రోని గుర్తించడానికి అన్ని కాలమ్‌ల విలువలూ వాడే సెట్టింగ్) పెట్టేయండి, లేకపోతే పబ్లికేషన్‌లో (రెప్లికేట్ చేయాల్సిన టేబుల్స్ జాబితా) చేర్చిన క్షణం నుంచి పాత డేటాబేస్‌లోనే అప్‌డేట్‌లు, డిలీట్‌లు ఫెయిలవుతాయి.