బడికి చందా అడగడం: ఒక షెడ్డు కథ, దానితో పాటు కొన్ని కిటుకులు

మొదటిసారి చందా అడిగినప్పుడు నేను చేసిన పని ఇది: బడి గేటుకు ఒక ఫ్లెక్సీ కట్టించి, దాని మీద ‘దాతలు సహకరించగలరు’ అని రాయించి, కింద నా సొంత ఫోన్‌పే నంబరు వేయించాను. రెండు నెలల్లో 4,300 రూపాయలు వచ్చాయి. ఫ్లెక్సీకే 900 అయింది. పైగా ‘టీచరమ్మ ఖాతాలో బాగానే పడుతున్నాయట’ అనే మాట కిరాణా కొట్టు దగ్గర పుట్టి, మా వంట మనిషి ద్వారా నా దాకా వచ్చింది. అందులో ఊరివాళ్ళ తప్పేమీ లేదు. ఆ నంబరు కింద నా పేరే ఉంది కదా.

మాది మహబూబ్‌నగర్ జిల్లాలో జడ్చర్లకూ బాలానగర్‌కూ మధ్య, హైవే నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉన్న ప్రాథమిక పాఠశాల. 62 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. మా పిల్లల సంఖ్యకు ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి నిర్వహణకు ప్రభుత్వమిచ్చే డబ్బు, 25,000. చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఊడిన తలుపు గొళ్ళెం, వీటితోనే అది చెల్లు. 2024లో పిల్లల తల్లులుండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ వచ్చాక నీళ్ళ పని, మరుగుదొడ్ల మరమ్మతు జరిగాయి. పిల్లలు కూర్చుని తినడానికి నీడ మాత్రం ఆ పనుల జాబితాలో లేదు. దాని కోసమే రెండోసారి ఊరి ముందు చేయి చాచాను. ఈసారి షెడ్డు లేచింది. కొత్తగా ఈ పనికి దిగే టీచర్లకూ కమిటీ తల్లులకూ పనికొస్తుందని ఏం చేశామో రాస్తున్నాను.

ముందు కాగితం పని. కమిటీ సమావేశం పెట్టి తీర్మానం రాయండి: ఏ పనికి, ఎంత, ఎవరు వసూలు చేస్తారు, ఎవరు ఖర్చు పెడతారు. దాని నకలు ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. డబ్బు బడి పేరున, ఇద్దరి సంతకంతో నడిచే ఖాతాలోనే పడాలి. క్యూఆర్ కోడ్ కూడా ఆ ఖాతాదే. నగదు ఇచ్చినవాళ్ళకు కార్బన్ పెట్టి రాసిన రసీదు, యాభై రూపాయలకైనా సరే. ఇక పిల్లల చేతికి రసీదు పుస్తకం ఇచ్చి ఇంటింటికీ పంపకండి, ‘ఒక్కొక్కరూ ఇంత తేవాలి’ అని చెప్పకండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ బడిలో చదువు ఉచితం. చట్టం సంగతి అలా ఉంచినా, తేలేని పిల్ల మర్నాడు బడికి రాదు.

అసలు కిటుకు అడిగే తీరులో ఉంది. ‘బడి అభివృద్ధికి’ అంటే ఎవరికీ ఏమీ కనబడదు. మా పిల్లలు వసారాలో తినేవారు. దాని వెడల్పు ఐదడుగులు. సగం మందికే చోటు. మిగతావాళ్ళు వేపచెట్టు కింద. జూలైలో ఒక ముసురు రోజున కమిటీ తల్లులను సమావేశానికని కాకుండా మధ్యాహ్న భోజనానికి పిలిచాను. జల్లు పక్కవాటుగా కొడుతోంది. పిల్లలు గోడవైపు తిరిగి, వీపులు వానకు అప్పజెప్పి, పళ్ళేలను ఒళ్ళో దాచుకుని తింటున్నారు. రెండో తరగతి పిల్లాడొకడు సాంబారులో నీళ్ళు పడకుండా పళ్ళెం మీద పలక కప్పుకున్నాడు. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ సాయంత్రమే మహిళా సంఘంలో షెడ్డు గురించి చర్చ మొదలైంది. మీ బడిలో లోటేదో అది బాగా కనబడే రోజున, కనబడే వేళకు పిలవండి. ఎండాకాలం సాయంత్రం కుర్చీలు వేసి చెప్పుకుంటే ఈ పని కాదు.

తర్వాత వెల్డరును పిలిచి కొలతలు వేయించాం. 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. మొత్తం 1,48,000. ఈ అంకె చెబితే ఊరు గుండెలు బాదుకుంటుంది. అందుకని దాన్ని విడగొట్టి నల్లబల్ల మీద రాశాం. రేకులు పదహారు, ఒక్కోటి 1,000. ఇనుప స్తంభాలు ఎనిమిది, ఒక్కోటి 3,500. సిమెంటు నలభై బస్తాలు, ఒక్కోటి 350. పైకప్పు చట్రం, వెల్డింగు 52,000. ఇసుక, కంకర 14,000. మేస్త్రీ, కూలి 24,000. ఇప్పుడు అడగాల్సింది చందా కాదు, ‘ఒక రేకు ఇస్తారా?’ అని. రేకు ఇవ్వలేని మనిషి సిమెంటు బస్తా ఇస్తాడు. ట్రాక్టరున్న ఇద్దరు రైతులు ఇసుక, కంకర తామే తోలిస్తామన్నారు. ఊళ్ళోని ముగ్గురు మేస్త్రీలు వంతులవారీగా ఆదివారాలు వచ్చారు. అలా 38,000 విలువైన పని డబ్బు ముట్టకుండానే తీరిపోయింది. నగదు కావలసింది 1,10,000కు దిగింది. వస్తువుగా, చాకిరీగా వచ్చినదాన్ని కూడా వెలకట్టి పద్దులో రాయండి. ట్రాక్టరు ఇచ్చినవాడు రేకు ఇచ్చినవాడికంటే తక్కువ కాదని ఊరికి తెలియాలి.

ఎప్పుడు అడగాలన్నది ఇంకో సంగతి. వినాయక చవితి ముందు అడిగితే మండపం చందాతో పోటీ పడాలి, ఆ పోటీలో బడి నెగ్గదు. కానీ ఆ చందా వసూలు చేసే కుర్రాళ్ళను మాత్రం వదులుకోకండి. ఎవరు ఇస్తారు, ఎవరు తలుపు తీయరు, ఎవరిని వాళ్ళ తమ్ముడి ద్వారా అడగాలి, ఈ జాబితా వాళ్ళకు కంఠతా వచ్చు. మాకు కలిసొచ్చింది దసరా. మా వైపు ఊళ్ళ నుంచి బతుకుతెరువుకు పోయినవాళ్ళు సంక్రాంతికి రాకపోయినా బతుకమ్మకూ దసరాకూ వస్తారు. 2024లో దసరా శనివారం. జమ్మి ఇచ్చిపుచ్చుకుని, అలాయ్ బలాయ్‌లు అయ్యాక, మర్నాడు ఆదివారం ఉదయం ఎనిమిదింటికి బడిలో కూడాం. పదింటికల్లా ముగించాం. పదకొండు దాటితే హైదరాబాదు బస్సుల తొందర పట్టుకుంటుంది.

ఆ రోజే పిల్లలతో సీతాఫలాల అంగడి పెట్టాం. బాలానగర్ సీతాఫలం పేరు దేశంలో తోటలు వేసేవాళ్ళందరికీ తెలుసు. మాకేమో అది గట్ల మీద, గుట్టల మీద ఊరికే కాసే పండు. దాన్ని మేం కొని తినం కానీ, పట్నం వెళ్ళేవాళ్ళు పక్కింటివాళ్ళకు ఇవ్వడానికి ఒక పెట్టెడు పట్టుకెళ్ళాలని చూస్తారు. పెద్దవాళ్ళు రెండు రోజుల ముందు కాయ కోసి తెచ్చారు. కళ్ళు విచ్చుకుని వాటి మధ్య లేత పసుపు గీత తేలిన కాయనే కోయాలి. మెత్తబడిన పండు పెడితే షాద్‌నగర్ చేరేలోపు పెట్టె అడుగు తడుస్తుంది. అట్టపెట్టెలో వరిగడ్డి పరిచి, గట్టి కాయలు నింపి, పెట్టె 150. నాలుగో తరగతి అమ్మాయి గల్లా దగ్గర కూర్చుంది. ఒకాయన రెండు వందల నోటిచ్చి ‘మిగతాది ఉంచుకో బిడ్డా’ అన్నాడు. ఆ పిల్ల యాభై అతని చేతిలో పెట్టి, ‘అది చందా డబ్బాలో వేయండి, ఇది పళ్ళ డబ్బా’ అంది. 64 పెట్టెలు అమ్మాం: 9,600. పెట్టెలకూ దారానికీ 1,340 పోను మిగిలింది 8,260.

చూడండి, రెండు రోజుల హడావుడికి ఎనిమిది వేలు. డబ్బు కోసమే అయితే అంగడి పెట్టకండి. జనం బడి లోపలికి రావడానికి పెట్టండి. పెట్టె కోసం వచ్చినవాళ్ళు నల్లబల్ల చదివారు. ఆ ఉదయం 96,500కు మాట ఇచ్చారు. పేరు, మొత్తం, దాని పక్కన తేదీ. తేదీ తప్పనిసరి. పత్తి రైతు ‘అమ్మగానే ఇస్తాను’ అంటాడు, నిజంగానే ఇస్తాడు, కానీ అది డిసెంబరు. అందుకని వెల్డరుతో కూడా వాయిదాల మీదే మాట్లాడుకోండి. చివరికి చేతికొచ్చింది 81,000. రాని 15,500ను ఎవరినీ నిలదీయలేదు. వాళ్ళలో ఒకరి పత్తి తడిసి నల్లబడిందని నాకే తెలుసు.

డబ్బంతా చేరాక పని మొదలుపెడదాం అనుకుంటే ఎప్పటికీ మొదలు కాదు. స్తంభాలకు సరిపడా రాగానే స్తంభాలు పాతించాం. ఎనిమిదీ నిలబడిన ఫొటో, వెల్డరు బిల్లు ఫొటో పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. దసరాకు రాలేనివాళ్ళ నుంచి వారంలో 22,000 వచ్చాయి.

ఫ్యాక్టరీల గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు మాటలు. దగ్గర్లోని ఒకదానికి మూడుసార్లు తిరిగాను, మూడుసార్లూ మంచి టీ ఇచ్చారు. కంపెనీల చట్టం 2013 ప్రకారం సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాల్సింది అందరూ కాదు: నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో కనీసం ఒకటి దాటినవాళ్ళే. తిరగక ముందే అది కనుక్కోండి. వెళ్ళేటట్టయితే ఆర్థిక సంవత్సరం మొదలవక ముందే తీర్మానం, అంచనా పట్టుకుని వెళ్ళండి. నేను నవంబరులో వెళ్ళాను.

దాతల పేర్లు షెడ్డు గోడ మీద రాయించేటప్పుడు మొత్తాల వరుసలో రాయకండి. మేం అకారాది క్రమంలో రాశాం, అంకెలు లేకుండా. రేకుల కప్పు పడిన మర్నాడు ఒక అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, తలెత్తి పైకి చూస్తూ ‘నా సగం రేకు ఏది?’ అని అడిగింది. ఆమె ఇచ్చింది 500. మూడో తరగతి పిల్లలు తడుముకోకుండా మధ్యలో ఒకటి చూపించారు. ఆమె దాని కిందే కాసేపు కూర్చుని వెళ్ళింది.

లెక్క మాత్రం అంకెలతో సహా బయట పెట్టాలి, సమావేశంలో చదివేస్తే చాలదు. వసారా గోడకు నల్లరంగు వేసి, జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క సుద్దతో రాశాం. అంగడి 8,260, ఊరు 81,000, పాత విద్యార్థులు 22,000, మొత్తం 1,11,260. ఖర్చు 1,10,000. మిగిలిన 1,260లో 1,220తో స్టీలు గ్లాసులు కొన్నాం. ‘మిగులు: 40’ అని రాసి ఉంది. పాలు పోసి వెళ్ళే అతను వారానికోసారి బండి ఆపి, ‘ఆ నలభై ఏమైంది టీచరమ్మా?’ అని అడుగుతాడు. ఖాతాలోనే ఉందని చెబుతాను. వచ్చే దసరాకు ప్రహరీ గోడ అడగాలని తీర్మానం రాశాం. పద్దులో తొలి జమ ఆ నలభయ్యే.