వానలకు ముందు ఇంటి మరమ్మతు: ఒప్పుకోని పనికి బిల్లు పడకుండా జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్‌లో తెలుగు రాష్ట్రాలకు చేరతాయి కాబట్టి, నిరుడు కురిసిన డాబాను ఈసారైనా బాగు చేయించుకోవాలనుకునే వారందరూ మే నెలలో ఒక్కసారిగా మేస్త్రీల కోసం వెతకడం మొదలుపెడతారు. ఆకాశం మబ్బు పట్టేలోగా పని ముగియాలన్న ఆదుర్దాలో ధర మాట్లాడుకుంటాం గానీ పని హద్దు మాట్లాడుకోం. చివరి రోజున చేతికొచ్చే బిల్లు మీద జరిగే తగవుల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంటుంది.

రెండేళ్ల కిందట మా ఇంట్లో జరిగినది చెబుతాను. డాబా వాటర్‌ప్రూఫింగ్‌కు రూ.22,000కు ఒప్పందం కుదిరింది. మూడు రోజుల తరువాత ఇచ్చిన చీటీలో రూ.39,400 ఉంది. పిట్టగోడ లోపలి వైపు ప్లాస్టరింగ్‌కు రూ.9,600, పాత పెచ్చులు కొట్టినందుకు రూ.4,300, సామాను పైకి మోసినందుకు రూ.3,500 అదనంగా కలిపారు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు మేస్త్రీ మా అమ్మను “గోడ కూడా పెచ్చులూడుతోందమ్మా, చేసేయమంటారా” అని అడిగారట. ఆవిడ “మీకు తెలియనిదేముంది నాయనా, మీరే చూసి చేయండి” అన్నారట. మర్యాదకు అన్న ఆ మాటను ఆయన అనుమతిగా తీసుకున్నారు. అందులో అమ్మ తప్పు లేదు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో నేను ముందుగా ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇదే. అదనపు పనికి అవునని చెప్పగలిగేది ఒక్కరే అని, ఆ ఒక్కరు ఎవరో, వారి ఫోన్ నంబరు ఏమిటో పని మొదలుకాకముందే మేస్త్రీకి చెప్పాలి, ఇంట్లో పెద్దవారికీ చెప్పాలి. పెద్దవారు అనవలసిన మాట కూడా వారికి సిద్ధంగా ఇవ్వాలి: “అబ్బాయిని అడిగి చేయండి” అంటే చాలు. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, ఊళ్లో తల్లిదండ్రులు ఒంటరిగా పని చేయించుకుంటున్న ఇళ్లలో ఇది మరీ అవసరం, ఎందుకంటే ఇక్కడ పని జరిగే వేళకు అక్కడి వారు నిద్రలో ఉండవచ్చు. “జవాబు వచ్చేదాకా ఆ పని ఆపండి” అన్న షరతు ఉంటేనే ఆ ఇళ్లలో అనుమతికి అర్థం ఉంటుంది.

రెండవది కాగితం. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసినా, వాట్సాప్‌లో పంపి “సరే” అన్న జవాబు తెప్పించుకున్నా సరిపోతుంది. అయితే అందులో మొత్తం ధర ఒక్కటే రాస్తే ప్రయోజనం లేదు. లెక్క చదరపు అడుగుకా, మొత్తం పనికా. సామానుతో కలిపా, మజూరీ మాత్రమేనా. నీళ్ల ట్యాంకు దిమ్మె, మెట్ల గది ఆక్రమించిన స్థలాన్ని కొలతలోంచి తీసేస్తారా. పిట్టగోడ మీదికి పూత ఎంత ఎత్తు వరకు వస్తుంది, దానిని విడిగా లెక్కిస్తారా. పాత పొర కొట్టడం, శిథిలాలు కిందికి దించి తరలించడం, సామాను పై అంతస్తుకు చేర్చే మోత కూలి ఎవరి మీద పడతాయి అన్నవి ఒక్కొక్కటిగా రాసుకోవాలి. నా అనుభవంలో అదనపు డబ్బు అడిగేది ఈ చిన్న పద్దుల పేరుతోనే. కొలతలు పని మొదలయ్యే ముందు ఇద్దరూ కలిసి టేపుతో తీయాలి, ఎందుకంటే పూత ఆరిన తరువాత కొలత మీద వచ్చే వాదన ఒక పట్టాన తెగదు. డాబాను నాలుగు వైపుల నుంచీ, పిట్టగోడలతో సహా, తేదీ పడేలా ఫొటోలు తీసి ఉంచుకోవాలి.

మరమ్మతులో ఊహించనివి నిజంగానే బయటపడతాయి, దానిని కాదనలేం. పెచ్చు కొట్టాక లోపల ఇనుప చువ్వలు తుప్పుపట్టి కనిపించవచ్చు. నీళ్లు దిగే గొట్టం గోడలోపల పగిలి ఉండవచ్చు. అటువంటప్పుడు నిజాయితీ గల మేస్త్రీ కూడా అదనంగా అడుగుతాడు, అడగడం న్యాయమే. కాబట్టి ఒప్పంద కాగితంలోనే ఈ వాక్యం చేర్చండి: “ఇందులో లేని పని అవసరమైతే పని ఆపి, ఫొటో, ధర పంపి, రాతపూర్వకంగా ఒప్పుకోలు వచ్చాకే చేయాలి, అలా ఒప్పుకోని పనికి డబ్బు చెల్లించబడదు.” రూ.500, రూ.1,000 లోపు చిల్లర పనులకు ఇలా ఆపడం ఇద్దరికీ విసుగు కాబట్టి ఆ మేరకు ముందే వెసులుబాటు ఇవ్వవచ్చు.

చట్టం దగ్గర ఒక సూక్ష్మం ఉంది. “నేను చేయమనలేదు, కాబట్టి ఒక్క రూపాయి కూడా ఇవ్వను” అన్న వాదన ప్రతిసారీ నిలవదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా చట్టబద్ధంగా ఒకరు చేసిన పని ఫలాన్ని మరొకరు అనుభవిస్తే పరిహారం ఇవ్వవలసి ఉంటుంది. అయితే ఆ ఫలాన్ని స్వీకరించడానికో తిరస్కరించడానికో రెండవ వ్యక్తికి అవకాశం ఉండాలని, తానుగా స్వీకరించి ఉండాలని సుప్రీంకోర్టు 1961లో పశ్చిమ బెంగాల్ రాష్ట్రానికి, బి.కె. మండల్ అండ్ సన్స్ సంస్థకు మధ్య నడిచిన కేసులో స్పష్టం చేసింది. పొరపాటున దింపిన సిమెంటు బస్తాను తిరిగి పంపవచ్చు గాని గోడకు మెత్తిన సిమెంటును తిరిగి ఇవ్వలేం. అందుకే, అడగని పని జరుగుతోందని కంటపడిన క్షణంలోనే వద్దని చెప్పి, అదే మాటను సందేశంగా పంపడం ఎంతో ముఖ్యం. చూస్తూ ఊరుకుని, పని అయ్యాక అభ్యంతరం చెప్పిన వారి పక్షం బలహీనపడుతుంది.

బోరు మోటారు, ఇన్వర్టరు వంటివి దుకాణానికి పంపేటప్పుడు జాగ్రత్త వేరు. వస్తువు మీద తన శ్రమ, నైపుణ్యం వెచ్చించిన బాగుచేత పనివాడు, తనకు రావలసిన కూలి ముట్టేదాకా దానిని అట్టిపెట్టుకోవడానికి అదే చట్టం 170వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. కాబట్టి “విప్పి చూసి ధర చెప్పండి, చెప్పాకే వైండింగ్ మొదలుపెట్టండి” అని రసీదు మీదే రాయించుకోవాలి. మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని కూడా చేర్చాలి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా అదనపు బిల్లు వస్తే, వెంటనే డబ్బు పంపకూడదు, వాదనకూ దిగకూడదు. పద్దుల వారీగా బిల్లు అడగండి. బిల్లులో జీఎస్టీ కలిపి ఉంటే, 15 అక్షరాంకెల నమోదు సంఖ్య ఉందో లేదో చూడండి. తెలంగాణ సంఖ్యలు 36తో, ఆంధ్రప్రదేశ్ సంఖ్యలు 37తో మొదలవుతాయి, జీఎస్టీ పోర్టల్‌లో పేరు సరిచూసుకోవచ్చు. నమోదు లేనివారికి ఆ పన్ను వసూలు చేసే అధికారం లేదు. ఒప్పుకున్న పనికి ఒప్పుకున్న సొమ్మును మాత్రం ఆలస్యం చేయకుండా బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో చెల్లించి, ఏ పద్దుకు చెల్లించారో రాయండి. ఆ రోజు కూలికి వచ్చినవారు మన తగవులో నలిగిపోకూడదు, మన పక్షాన న్యాయం కూడా అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది. మిగిలిన పద్దుల మీద ఇలా రాయవచ్చు: “ఒప్పందం ప్రకారం రూ.22,000 చెల్లించాను. మిగతా మూడు పద్దులకు నా అనుమతి తీసుకోలేదు. ఏ తేదీన, ఎవరు, ఎంతకు ఒప్పుకున్నారో ఏడు రోజుల్లో ఆధారంతో తెలపండి.” బెదిరింపు వల్ల చెల్లించక తప్పకపోతే, అభ్యంతరంతోనే చెల్లిస్తున్నట్టు ఆ రోజే రాసి పంపాలి, బలవంతం మీద చెల్లించిన సొమ్మును తిరిగి కోరే హక్కు కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ఇస్తుంది. ఒంటి మీదికి వస్తే అది బిల్లు తగాదా కాదు, 112కు ఫోన్ చేయవలసిన విషయం.

మాటలతో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. యాప్ ద్వారా పనివారిని పంపే సంస్థల విషయంలో ఈ మార్గాన్ని ముందు ప్రయత్నించడం మేలు. ఆ తరువాతిది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలు మించకపోతే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాదం తలెత్తినప్పటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. ఎదుటివారు ఒంటరి మేస్త్రీ అయి, సొమ్ము కొద్దిపాటిదైతే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లడం నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. అక్కడ రాజీ కుదిరితే ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

మా ఇంటి విషయం అంత దూరం వెళ్లలేదు. మేస్త్రీని కూర్చోబెట్టి పద్దులు ఒక్కొక్కటిగా మాట్లాడాం. పాత పెచ్చులు తీయకుండా కొత్త పూత నిలవదు కనుక అది ఒప్పుకున్న పనిలో భాగమేనని ఆయన అంగీకరించారు. మోత కూలి కూడా వదులుకున్నారు. పిట్టగోడ పని బాగా చేశారు, దాని వల్ల మాకు మేలు జరిగింది, మా అమ్మ మాట కూడా అందులో ఉంది. కాబట్టి గోడ కొలిచి రూ.6,500 ఇచ్చాం. మొత్తం రూ.28,500 ముట్టినదని, ఇక బాకీ ఏమీ లేదని పాత చీటీ వెనకే రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకున్నాం. రాజీ కుదిరిన రోజునే ఆ రెండు వాక్యాలు రాయించుకోవడం మరవకండి.