కెమెరాతో బయలుదేరే ముందు విద్యార్థులు తీసుకోవలసిన జాగ్రత్తలు

బ్యాటరీ నిండుగా ఉందో లేదో, మెమరీ కార్డు కెమెరాలోనే ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. పాత ఫోటోలు భద్రంగా వేరేచోటికి చేరాయని నిర్ధారించుకున్న తరువాతే కార్డును ఫార్మాట్ చేయాలి.

రాత్రి దృశ్యాల కోసం 3200కు పెంచిన ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) అలాగే ఉండిపోతే మరునాటి పగటి ఫోటోలలో అనవసరమైన నాయిస్ (ఇసుక రేణువుల వంటి చుక్కలు) చేరుతుంది కనుక, ఐఎస్ఓను, వైట్ బ్యాలెన్స్‌ను (వెలుతురుకు తగ్గట్టు రంగులను సరిచేసే అమరికను) మొదటి ఫోటోకు ముందే సరిచూడాలి. కొత్తవారు తేలికగా మరచిపోయేది ఇదే.

ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న) కెమెరాకు 50 మి.మీ. లెన్స్ బిగించి చేతితో పట్టుకుని తీసేటప్పుడు, షట్టర్ వేగం సెకనులో 1/50వ వంతు కంటే నెమ్మదించకుండా (షట్టర్ తెరచి ఉండే సమయం అంతకు మించకుండా) చూసుకుంటే చేతి వణుకు వల్ల ఫోటో మసకబారే అవకాశం తగ్గుతుంది గాని, పరుగెత్తే మనుషులకు ఆ వేగం చాలదు.

లెన్స్ మార్చేటప్పుడు కెమెరాను ఆపివేసి, ముఖభాగాన్ని కిందికి వంచి పట్టుకోవాలి.

ఆప్టికల్ వ్యూఫైండర్ (దృశ్యాన్ని అద్దాల ద్వారా కంటితో చూసే కెమెరా కిటికీ) గుండా సూర్యుణ్ణి ఎన్నడూ చూడరాదు. కంటికి శాశ్వత హాని కలగవచ్చు.