ఇంట్లోనే వీడియో ఎడిటింగ్ – 4వ పాఠం: క్లిప్పులకు పేర్లు పెట్టడం

కిందటి పాఠంలో కెమెరా మెమరీ కార్డును ఉన్నదున్నట్టుగా, ఒక్క ఫోల్డరు కూడా వదలకుండా, రెండు డ్రైవుల్లోకి ఎక్కించుకున్నాం. చెన్నై త్యాగరాయనగర్ పానగల్ పార్కు చుట్టుపక్కల ఒక పూట షూట్ చేసి రమ్మని ఇంటిపని కూడా ఇచ్చాను. కాళహస్తిలో పుట్టి, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా ఉన్న మన పానగల్ రాజా పేరు మీద వెలిసిన పార్కు అది. మీరు తెచ్చిన క్లిప్పులతోనే ఈ పాఠం నడుస్తుంది.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ తెరిచి, క్లిప్పులన్నీ మీడియా పూల్‌లోకి, అంటే అందులో క్లిప్పులు ఉంచే చోటికి లాగండి. సీ0001, సీ0002, సీ0003... ఇలా వరసగా కనిపిస్తాయి. అవి కెమెరా తన లెక్క కోసం పెట్టుకున్న పేర్లు. పూలమ్మే అవ్వ మాట ఏ క్లిప్పులో ఉందో అవి చెప్పవు.

ముందు ఒక తేడా మనసుకు పట్టించుకోండి. డ్రైవులో ఉన్న ఫైలు పేరు వేరు, సాఫ్ట్‌వేర్‌లో కనిపించే క్లిప్ పేరు వేరు. మీడియా పూల్‌ను లిస్ట్ వ్యూలో పెడితే 'క్లిప్ నేమ్', 'ఫైల్ నేమ్' అని రెండు వేర్వేరు కాలమ్‌లు ఉంటాయి. క్లిప్ నేమ్ మారిస్తే డ్రైవులో ఏమీ కదలదు. ప్రీమియర్ ప్రో అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, ప్రాజెక్ట్ ప్యానెల్‌లో పేరు మారిస్తే అసలు ఫైలు చెక్కుచెదరదు. అదే మీరు ఎడిటింగ్ మధ్యలో డ్రైవులోకి వెళ్లి ఫైలు పేరు మార్చారనుకోండి, సాఫ్ట్‌వేర్‌కు దాని ఆచూకీ తెలియదు. క్లిప్పు ఎర్రబడి 'మీడియా ఆఫ్‌లైన్' అంటుంది. అందుకే నా పద్ధతి ఇది: ఫైలు పేరు కెమెరాకు వదిలేస్తాను, క్లిప్ పేరు నేను పెడతాను.

అయితే ఫోల్డరు పేరు మాత్రం మొదటి రోజే సరిగ్గా పెట్టాలి. ఇది నేను బాధపడి నేర్చుకున్నది. కోడంబాక్కంలో ఏళ్ల తరబడి సినిమా ఫిల్ము నెగటివ్ కట్ చేసిన ఒక పెద్దాయన జ్ఞాపకాలు రికార్డు చేశాను. రెండు కార్డులు పట్టింది. కొత్త కార్డు పెట్టినప్పుడల్లా లెక్క మళ్లీ 1 నుంచి మొదలయ్యేలా కెమెరా సెట్టింగు ఉంది, నేను చూసుకోలేదు. రెండు కార్డుల్లోనూ సీ0001 ఉంది. రెండింటినీ ఒకే ఫోల్డరులోకి ఎక్కిస్తూ, కంప్యూటర్ అడిగిన ప్రశ్న చదవకుండానే 'రీప్లేస్' నొక్కేశాను. ఆపాటికే మొదటి కార్డు ఫార్మాట్ అయిపోయింది. ఆయన పెద్ద మనసుతో మళ్లీ కూర్చుని చెప్పారు. కానీ తన గురువు పనితనం గురించి మొదటిసారి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో వచ్చిన జీర రెండోసారి రాలేదు.

కాబట్టి ఒక్కో కార్డుకు ఒక్కో ఫోల్డరు. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆపై కెమెరా, కార్డు నంబరు: 2025-03-09_ఏకెమెరా_కార్డు01 (ఇక్కడ 'ఏ' అంటే ఇంగ్లీషు అక్షరం, మొదటి కెమెరా అని). సంవత్సరం ముందుంటే ఫోల్డర్లు కాలక్రమంలో వాటంతటవే సర్దుకుంటాయి. నంబర్లకు ముందు సున్నా పెట్టండి, లేకపోతే కొన్నిచోట్ల 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది, 2 ఆ తర్వాత వస్తుంది. గోప్రో అనే చిన్న కెమెరా వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. జీఎక్స్010034, జీఎక్స్020034 అనేవి రెండు షాట్లు కావు, ఒకే రికార్డింగులోని రెండు ముక్కలు. ముందున్న 01, 02 ముక్కల సంఖ్య, చివరి నాలుగంకెలు రికార్డింగు సంఖ్య. అక్షర క్రమంలో పెడితే ఈ రెండు ముక్కల మధ్యకు వేరే షాట్లు దూరిపోతాయి.

ఇక క్లిప్ పేరు. రేపు రాత్రి పదకొండింటికి ఈ క్లిప్పు కోసం ఏమని వెతుకుతాను? ఆ ప్రశ్నకు జవాబే పేరు. నేను పెట్టే వరస: చోటు, మనిషి లేదా వస్తువు, జరుగుతున్న పని, షాట్ సైజు (దగ్గర నుంచి తీసిందైతే క్లోజ్, మధ్యస్థంగా ఉంటే మిడ్), నంబరు. ఉదాహరణకు: పానగల్_పూలవ్వ_మల్లెలుకట్టడం_క్లోజ్_01. పక్కనే: పానగల్_పూలవ్వ_బేరం_మిడ్_01. మాట్లాడిన క్లిప్పయితే ఆ మాటలోని ఒక ముక్క పేరులో చేర్చండి: పూలవ్వ_మాట_నెల్లూరునుంచివచ్చాం. మూడు నెలల తర్వాత కూడా ఆ మాట మీకు గుర్తుంటుంది, నంబరు గుర్తుండదు.

ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. డ్రైవులు, సాఫ్ట్‌వేర్లు మారినప్పుడు ఇబ్బంది ఉండదు. కానీ మనకు మాత్రమే వచ్చే చిక్కు అక్కడే ఉంది. 'పూలు' అని కొట్టేటప్పుడు ఒకరోజు ఒక 'యు' పెడతాం, ఇంకోరోజు రెండు 'ఓ'లు పెడతాం. సైదాపేట నుంచి నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు పదకొండు పూల షాట్లు తీశాడు. వెతికితే ఏడే దొరికాయి. మిగతా నాలుగు పోయాయనుకుని మళ్లీ షూటింగుకు బయల్దేరబోయాడు. అవి పోలేదు, దీర్ఘం దగ్గర తప్పాయి. చెన్నైలో ఇంకో సంగతి కూడా ఉంది: నేను 'గుడి' అని పెట్టిన క్లిప్పును నా తమిళ మిత్రుడు 'కోవిల్' అని వెతుకుతాడు. అందుకని పని మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద ఇరవై మాటలు, వాటి స్పెల్లింగులు రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. ఇద్దరు పనిచేస్తుంటే ఇద్దరికీ ఒకటే కాగితం.

'బాగుంది', 'చెత్త', 'ఇదే వాడాలి' అని పేర్లు పెట్టకండి. క్లిప్పులో ఉన్నది మారదు, మీ అభిప్రాయం మారుతుంది. మొదటి రోజు చెత్త అనుకున్న వణికే షాటే చివరికి సినిమాలో నిలబడిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అభిప్రాయానికి క్లిప్ కలర్, అంటే క్లిప్పుకు వేసే రంగు గుర్తు వాడండి, మార్చుకోవడం తేలిక. మెట్రో పనుల మోత మాటను మింగేసిన క్లిప్పులుంటే, ఆ సంగతి మెటాడేటాలోని (క్లిప్పు వివరాలుండే చోటులోని) కామెంట్స్ గడిలో రాయండి.

క్లిప్పులు సర్దేందుకు సాఫ్ట్‌వేర్‌లో వాడే ఫోల్డర్లను 'బిన్' అంటారు. ఈ మాట రీళ్ల కాలం నాటిది. కట్టింగ్ రూములో గుడ్డ తొడిగిన తొట్టి ఉండేది, పైన వరసగా పిన్నులు. కత్తిరించిన ఫిల్ము ముక్కల్ని ఆ పిన్నులకు తగిలిస్తే కింది కొసలు తొట్టిలోకి వేలాడేవి. వెయ్యి అడుగుల 35 ఎంఎం రీలు అంటే పదకొండు నిమిషాలు, అంతే. ఇప్పుడు సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసినా 64 జీబీ కార్డు ఒక్కదాంట్లో దాదాపు 85 నిమిషాలు పడుతుంది. తొట్టి లోతు పెరిగింది కాబట్టి పిన్నుల అవసరమూ పెరిగింది. బిన్‌లు ఎక్కువ వద్దు. మాటలు, దృశ్యాలు, శబ్దాలు, సంగీతం, టైమ్‌లైన్లు (క్లిప్పుల్ని వరసగా పేర్చి కట్టే సినిమా వరసలు): ఈ అయిదు మన పదినిమిషాల సినిమాకు చాలు. టైమ్‌లైన్ పేరులో 'ఫైనల్' అనే మాట వద్దు, తేదీ వేయండి.

పేరు పెట్టాలంటే క్లిప్పును మొదటినుంచి చివరిదాకా చూడాలి. చాలామంది ఇక్కడే తొందరపడి, మొదటి ఫ్రేము చూసి పేరు కొట్టేస్తారు. పూలవ్వ షాటు ఇరవయ్యో సెకనులో వెనక నుంచి ఒక పాప వచ్చి మూర మల్లెలు అడిగి, తన చెయ్యి చాపి కొలవమంటుంది. మొదటి ఫ్రేములో ఆ పాప లేదు. చివరిదాకా చూసినవాళ్ల జాబితాలోనే 'పాప_మూర' ఉంటుంది. గంట ఫుటేజీకి రెండు గంటలు కేటాయించుకోండి. ఎడిటింగు అప్పుడే మొదలైందని లెక్క.

ఈ వారం ఇంటిపని: మీ పానగల్ పార్కు క్లిప్పులన్నిటికీ పేర్లు పెట్టండి. తర్వాత మీ ఇంట్లోవాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏదైనా మూడు దృశ్యాలు అడగమనండి. ఒక్కోటి వెతికి చూపించడానికి పది సెకన్లు దాటితే ఆ పేరు మార్చండి. 5వ పాఠంలో, విడిగా రికార్డు చేసిన శబ్దాన్ని ఈ క్లిప్పులకు జత చేద్దాం. దానికి ఆడియో ఫైళ్లకు కూడా ఇదే వరసలో పేర్లుండాలి, వాటినీ ఈ వారమే ముగించండి.