యాప్‌లో కంప్లైంట్ పెట్టినా పని కాలేదా? ఎక్కడ ఆగిందో ఇలా చూడండి

సమస్య: "మా పరిధి కాదు" అని క్లోజ్ చేశారు.

హైదరాబాద్‌లో రోడ్డు ఒకరిది, దాని కింద పైపు ఇంకొకరిది. మ్యాన్‌హోల్ పొంగి రోడ్డు పాడైతే మన కంటికి కనిపించేది రోడ్డే కాబట్టి నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) యాప్ మైజీహెచ్ఎంసీలో రోడ్ల కేటగిరీ కింద పెట్టేస్తాం, కానీ ఆ మురుగు లైన్ చూసేది జలమండలి, అందుకే అది అక్కడే ఆగిపోతుంది. డ్రైనేజీకి, కుళాయి నీళ్ళకి నేరుగా 155313కి చేయండి. చెత్త, వీధి దీపాలు అయితే జీహెచ్ఎంసీ. జాతీయ రహదారి మీద గుంత అయితే 1033. కరెంటు తీగ తెగి పడితే మాత్రం యాప్ జోలికే పోకుండా, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా వెంటనే 1912కి ఫోన్ చేయండి.

సమస్య: సిబ్బంది వచ్చి "ఇక్కడేం లేదు" అని వెళ్ళిపోయారు.

చాలాసార్లు లొకేషన్ తప్పు. ఫోటో పొద్దున వీధిలో తీసి, రాత్రి ఇంటికొచ్చి గ్యాలరీ నుంచి అప్‌లోడ్ చేస్తే, మీరు ఇంట్లో కూర్చున్న చోటే పిన్ పడే అవకాశం ఉంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫోటో అయితే అందులో సాధారణంగా లొకేషన్ వివరాలు ఉండవు. అక్కడే నిలబడి పెట్టండి, ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌కి ఖచ్చితమైన లొకేషన్ అనుమతి ఇచ్చారో లేదో చూడండి, పిన్‌ని చేత్తో జరిపి సరిచేయండి. ఒక ఫోటో దగ్గర్నుంచి, ఇంకోటి పక్కన షాపు బోర్డో గుడో కనిపించేలా కొంచెం దూరం నుంచి తీయండి. వీధి దీపం అయితే స్తంభం మీద నంబరు ఉంటే అదీ రాయండి.

సమస్య: ఓటీపీ రావట్లేదు, యాప్ తిరుగుతూనే ఉంది. అప్‌డేట్ చేసి చూడండి, ఫోటో సైజు తగ్గించండి. అయినా కాకపోతే జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కి చెప్పి కంప్లైంట్ నంబరు తీసుకోండి. ఆంధ్రాలో అయితే 1100.

సమస్య: పనే చేయలేదు, స్టేటస్ మాత్రం "పరిష్కరించాం".

అన్నిటికన్నా మనసు కష్టపెట్టేది ఇదే, ఎక్కువమంది ఇక్కడే వదిలేస్తారు, దయచేసి వదలొద్దు. ఒక్కోసారి ఒకే కంప్లైంట్‌లో గుంత, చెత్త, దీపం మూడూ రాస్తే ఒకటి చేసి మొత్తం మూసేస్తారు, కాబట్టి దేనికది విడిగా పెట్టండి. క్లోజ్ అయిన స్క్రీన్‌ని స్క్రీన్‌షాట్ తీసి, అదే రోజు అదే చోట కొత్త ఫోటో తీయండి. రీఓపెన్ ఆప్షన్ ఉంటే వాడండి, లేకపోతే పాత నంబరు రాసి కొత్తది పెట్టండి. అప్పటికీ కదలకపోతే ఆ స్క్రీన్‌షాట్, ఫోటోలు పట్టుకుని సోమవారం ప్రజావాణికి (అధికారులు జనం అర్జీలు నేరుగా తీసుకునే కార్యక్రమం) వెళ్ళండి, ఆంధ్రాలో అయితే సోమవారమే కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఇంకా కాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ నంబరు మీద ఎవరు ఏ తేదీన తనిఖీ చేశారో, ఏ ఆధారంతో మూసేశారో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.